పూర్వ విద్యార్థులిచ్చిన డబ్బు సంగీతం టీచర్‌కా, లెక్కల స్పెషల్ క్లాసులకా?

బడి కమిటీ అమ్మ (దేవరకొండ):

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ వైపు పల్లె. ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూలు ఉంది. అక్కడి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో నేనూ సభ్యురాలిని. మా పాప ఏడో తరగతి. ఇదే బడిలో చదువుకుని పట్నంలో స్థిరపడ్డవాళ్లు ఈమధ్య కలుసుకుని బడికి లక్షన్నర రూపాయలు ఇచ్చారు. దేనికి వాడుకుంటారో మీరే తేల్చుకోండి అన్నారు.

అక్కడే పేచీ వచ్చింది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల వరకు వారానికి రెండు పీరియడ్లు సంగీతం పెట్టిద్దాం, హార్మోనియం, తబలా, డప్పులు కొందాం, నేర్పేవాళ్లకు నెలకింత అని ఇద్దాం అని కమిటీలో కొందరం అంటున్నాం. మిగతావాళ్లేమో పదో తరగతికి సాయంత్రం స్పెషల్ క్లాసులు కావాలి, లెక్కలకు ఒకరిని, ఇంగ్లిషుకు ఒకరిని పెట్టాలి, పిల్లలకు స్నాక్స్ ఇవ్వాలి అంటున్నారు. అటు ఉన్నవాళ్లూ ఇటు ఉన్నవాళ్లూ పిల్లల బాగు కోరేవాళ్లే.

నేను సంగీతం వైపు ఎందుకున్నానో చెప్తాను. మా పాప క్లాసులో ఒక అమ్మాయి ఉంది. తెలుగు వాచకం లేచి చదవమంటే నోరు పెగలదు. గొంతు వణుకుతుంది, చివరికి టీచరే కూర్చోమంటారు. అదే అమ్మాయి పోయిన బతుకమ్మకు చప్పట్లు కొడుతూ పాట ఎత్తుకుంది. చుట్టూ తిరుగుతున్న ఆడవాళ్లంతా ఆమె వెనక అందుకున్నారు. చరణం తర్వాత చరణం, ఎక్కడా తడబడలేదు. నాయనమ్మ దగ్గర విని నేర్చుకుందట. ఆ గొంతు బడి గేటు దాటి లోపలికి ఎందుకు రావడం లేదన్నదే నన్ను పట్టుకుంది.

వచ్చే నెల మీటింగులో తీర్మానం రాయాలి. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

లెక్కల సార్ (మిర్యాలగూడ):

అమ్మా, మీ ఆరాటం అర్థమైంది. అయినా నేను స్పెషల్ క్లాసుల పక్షమే. చాలా ఏళ్లుగా జడ్పీ హైస్కూళ్లలో లెక్కలు చెప్తున్నాను. ఎనిమిదో తరగతికి వచ్చిన పిల్లల్లో చాలామందికి భాగహారం రాదు. నాలుగంకెల సంఖ్యను రెండంకెలతో భాగించమంటే మధ్యలో సున్నా ఎక్కడ పెట్టాలో తెలియక నా మొహం చూస్తారు. వాళ్లకే నేను బీజగణితం చెప్పాలి. ప్రాథమిక బడుల్లో 2022లో తొలిమెట్టు, ఆ తర్వాత హైస్కూళ్లలో ఉన్నతి అనే కార్యక్రమాలు ఎందుకు పెట్టారు? చదవడం, రాయడం, లెక్క చేయడం సరిగ్గా రాకుండానే పిల్లలు పైతరగతులకు వచ్చేస్తున్నారు కాబట్టే కదా.

ఇంకో సంగతి. మా వైపు పత్తి ఏరే రోజుల్లో హాజరు పడిపోతుంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు కూలికి వెళ్తారు. తిరిగి వచ్చాక మొదటి నుంచి మళ్లీ చెప్పుకోవాలి. ఉన్న పీరియడ్లే చాలడం లేదు. అందులోంచి రెండు తీసేస్తే అవి ఎక్కడి నుంచి పోతాయి? హిందీ సార్ ఇవ్వరు, సైన్స్ మేడం ఇవ్వరు. తిరిగి తిరిగి నా మీదికే వస్తుంది.

పేదింటి పిల్లవాడు పైకి రావడానికి ఉన్న దారి మార్కులే. బాసర ట్రిపుల్ ఐటీ సీటు పదో తరగతి మార్కుల మీద వస్తుంది. పాలిటెక్నిక్‌కు ఎంట్రన్స్ రాయాలి. వాటిలో పాటకు మార్కు లేదు. పట్నంలో ఉన్నవాళ్లు పిల్లలను పొద్దున స్కూలుకు, సాయంత్రం సంగీతానికి పంపుకుంటారు. మన పిల్లలకు ఆ రెండోది దొరకడం కోసం మొదటిదాంట్లో కోత పెట్టడం న్యాయమా? నాలుగో శనివారం నో బ్యాగ్ డే ఉంది. పాటలు అప్పుడు పెట్టుకోండి, నేనే దగ్గరుండి చేయిస్తాను.

ఇద్దరు పిల్లల నాన్న (జడ్చర్ల):

సార్ చెప్పింది నిజం. మా పిల్లల ప్రైవేటు స్కూల్లో కీబోర్డు క్లాసుకు విడిగా ఫీజు కడుతున్నాం. ఏడాది పొడవునా జరిగేది యాన్యువల్ డేకి తయారీ మాత్రమే. రెండు సినిమా పాటలు వేళ్లతో బట్టీ కొట్టిస్తారు, స్టేజీ ఎక్కిస్తారు, వీడియో తీస్తారు. మర్నాటికి మావాడికి ఆ రెండు పాటలు తప్ప మూడోది రాదు. సర్కారు బడిలో పెట్టేది కూడా అదే అయితే లక్షన్నర దండగ.

సంగీతం టీచర్ (నల్లగొండ):

జడ్చర్ల అన్నయ్యా, మీరు చెప్పింది సంగీతం నేర్పడం కాదు, ప్రదర్శన చేయించడం. ఆ రెండింటికీ చాలా దూరం. నేను చాలాకాలంగా కర్ణాటక సంగీతం చెప్తున్నాను. అసలు క్లాసులో ఏం జరుగుతుందో చూడనివాళ్లకు ఒకసారి చెప్పాలి.

మొదటి పాఠం మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు. ఆది తాళం, ఎనిమిది అక్షరాలు. మొదటి కాలంలో అక్షరానికి ఒక స్వరం. రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. చేతి నడక మారకూడదు, నోటి నడకే మారాలి. నలభై మంది కలిసి ఇది చేయాలంటే ప్రతి పిల్లా తాను పాడుతూనే పక్కవాళ్ల గొంతు వినాలి. తొందరపడే పిల్లవాడు రెండో కాలంలో అందరికంటే ముందే పై షడ్జం, అంటే పై 'స' దగ్గరికి వచ్చేసి ఒంటరిగా నిలబడతాడు. నేను ఒక్క మాట కూడా అననక్కర్లేదు. వాడికే తెలిసిపోతుంది. తాళం మళ్లీ మొదటికొచ్చే తర్వాతి ఆవర్తంలో ఆగుతాడు, వింటాడు, కలుస్తాడు. తప్పు చేసినా ఎవరూ నవ్వకుండా, కొట్టకుండా, అక్కడికక్కడే సరిదిద్దుకునే వీలు బడిలో ఇంకే పీరియడ్‌లో ఉందో చెప్పండి.

సార్ గారూ, నెలకో శనివారం అంటే గొంతు ఎక్కడిదక్కడే ఉంటుంది. పోయిన నెల పాడింది ఈ నెలకు పోతుంది. మీరు ఎక్కాలు నెలకోసారి చెప్పిస్తారా?

పిల్లలకు పాట రాదు అని తొందరపడి అనేసే టీచర్ల కోసం ఇంకొక మాట. ఎనిమిదో తరగతి అబ్బాయిల్లో చాలామందికి గొంతు మారే వయసు. నిన్నటిదాకా అమ్మాయిలతో సమానంగా ఐదు శ్రుతిలో పాడినవాడు ఈ ఏడాది ఒకటిన్నర శ్రుతికి దిగిపోతాడు. మధ్యలో కొన్నాళ్లు ఎటూ నిలవదు, గొంతు పగులుతుంది. ఆ సమయంలో వాణ్ణి గట్టిగా పాడమంటే సిగ్గుపడి జన్మలో మళ్లీ నోరు తెరవడు. తాళం వాడి చేతికివ్వాలి. గొంతు కుదురుకునేదాకా లయ నేర్చుకుంటాడు. ఇది తెలిసిన మనిషి బడిలో ఒకరుండాలి.

చట్టం మాటకొస్తే, 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే ఉంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి మించి పిల్లలుంటే కళావిద్యకు, వ్యాయామ విద్యకు, పనివిద్యకు పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్లు ఉండాలి. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం అయితే పదో తరగతి వరకూ కళలు తప్పనిసరి సబ్జెక్టుగా ఉండాలంది. సంగీతం, నృత్యం, చిత్రకళ, నాటకం నాలుగూ అందులో ఉన్నాయి. దాతలు దయతలిచి ఇచ్చే అదనపు సరదాగా దీన్ని చూడకండి. అది ఆ పిల్లలకు రావాల్సిందే.

పరిశోధక విద్యార్థి (సొంతూరు నారాయణపేట, ఉంటున్నది హైదరాబాద్):

ఇక్కడి దాకా ఎవరూ అనలేదు కానీ, ఇలాంటి చర్చలో తర్వాతి మాట ఏమొస్తుందో తెలుసు కాబట్టి ముందే రాస్తున్నాను. సంగీతం నేర్చుకుంటే తెలివి పెరుగుతుంది, లెక్కల్లో మార్కులు వస్తాయి అని చెప్పి మీటింగులో ఒప్పించకండి.

మోజార్ట్ వింటే మెదడు చురుకవుతుందని అందరూ చెప్పుకునే మాట 1993లో అమెరికాలో చేసిన ఒక చిన్న ప్రయోగం నుంచి వచ్చింది. అందులో పాల్గొన్నది 36 మంది కాలేజీ విద్యార్థులు. పది నిమిషాలు విన్నాక ఒక రకం పజిళ్లలో కాస్త మెరుగ్గా చేశారు. ఆ ప్రభావం పావుగంట కూడా నిలవలేదు. అందులో పసిపిల్లలు లేరు, మార్కుల ఊసు లేదు. అయినా 1998లో జార్జియా రాష్ట్ర గవర్నరు పుట్టిన ప్రతి బిడ్డకూ సంగీతం క్యాసెట్టో సీడీయో ఇవ్వాలని బడ్జెట్‌లో డబ్బు అడిగారు.

వినడం కాకుండా నేర్చుకోవడం మీద చేసిన పరిశోధనలు కొంచెం నయం. 2004లో కెనడాలో 144 మంది ఆరేళ్ల పిల్లలను తీసుకుని కొందరికి కీబోర్డు, కొందరికి గాత్రం, కొందరికి నాటకం నేర్పారు, కొందరికి ఏమీ నేర్పలేదు. సంగీతం నేర్చుకున్నవాళ్ల ఐక్యూ సగటున 7 పాయింట్లు పెరిగింది, మిగతావాళ్లది 4 పాయింట్ల పైచిలుకు. తేడా అంతే. 2019లో కెనడాలోనే బ్రిటిష్ కొలంబియాలో లక్షమందికి పైగా హైస్కూలు విద్యార్థుల మార్కులు చూశారు. సంగీతం తీసుకున్నవాళ్లకు ఇంగ్లిషు, లెక్కలు, సైన్సు అన్నింట్లో ఎక్కువ వచ్చాయి. కానీ వాళ్లు తమంతట తాము సంగీతం ఎంచుకున్న పిల్లలు. పట్టుదల ముందే ఉన్నవాళ్లు సంగీతంలోకి వచ్చారో, సంగీతం వల్ల పట్టుదల వచ్చిందో ఆ లెక్కల నుంచి తేల్చలేం. 2020లో 54 అధ్యయనాలను, దాదాపు 7 వేల మంది పిల్లల సమాచారాన్ని కలిపి చూసినవాళ్లు, పోల్చిన జట్టుకు కూడా ఇంకేదైనా నేర్పినప్పుడు సంగీతం వల్ల చదువులో వచ్చే ప్రత్యేక లాభం కనిపించడం లేదన్నారు.

కాబట్టి మార్కుల పేరు చెప్పి సంగీతం తెస్తే, రెండేళ్ల తర్వాత మార్కులు పెరగలేదని అదే నోటితో తీసేస్తారు.

ఒక్క అధ్యయనం మాత్రం మీ కమిటీకి పనికొస్తుంది. లాస్ ఏంజెలెస్‌లో పేదల వాడల పిల్లలకు ఉచితంగా సంగీతం నేర్పే సంస్థ ఉంది. వాళ్ల దగ్గర నేర్చుకుంటున్న పిల్లలు మాటల్లోని దగ్గరి ధ్వనులను ఎంత స్పష్టంగా పట్టుకుంటున్నారో మెదడు స్పందనలు కొలిచి చూశారు. ఫలితం 2014లో వచ్చింది. రెండేళ్లు నేర్చుకున్నవాళ్లలో మార్పు కనిపించింది. ఒక్క ఏడాది చాలలేదు. మీ లక్షన్నర ఒక్క ఏడాదిలో ఖర్చు చేసి ఆపేసేలా ఉంటే మళ్లీ ఆలోచించుకోండి.

లెక్కల సార్ (మిర్యాలగూడ):

తమ్ముడూ, నువ్వు నా పక్షం వాదించినట్టే ఉంది. మార్కులు పెరగవంటున్నావు. మరి పేద పిల్లల బడిలో దాని అవసరం ఏమిటి?

పరిశోధక విద్యార్థి (నారాయణపేట):

సార్, చరిత్ర చదివితే లెక్కల్లో మార్కులు పెరుగుతాయని ఎవరూ అనరు. అయినా చరిత్ర చెప్తాం. సంగీతాన్ని మాత్రమే ఇంకో సబ్జెక్టుకు ఎంత లాభం అని ఎందుకు అడుగుతున్నాం?

మా దామరగిద్దకు చెందిన బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్ప గారికి 2024లో పద్మశ్రీ వచ్చింది. ఆ తీగ వాద్యం వాయించేవాళ్లు ఇక దాదాపు లేరు. నేను నారాయణపేటలో పదో తరగతి దాకా చదివాను. నాకు అన్నేళ్లలో బడిలో ఒక్కరు కూడా ఆ వాద్యం పేరు చెప్పలేదు. వయొలిన్ బొమ్మ మాత్రం ఇంగ్లిషు పుస్తకంలో చూశాను. మన పక్క ఊళ్లో మోగే తీగ మనకు తెలియకపోవడం కూడా చదువులో లోటే కదా సార్.

డప్పు బిడ్డ (సూర్యాపేట):

నేను ఇలాంటి చోట్ల ఎక్కువ రాయను. ఈ విషయం మీద రాయకుండా ఉండలేను.

మా నాన్న డప్పు కొట్టేవాడు. పెళ్లికి, చావుకు, పెద్దమ్మ పండుగకు, ఊళ్లో చాటింపుకు. ముందు గడ్డి మంట వేసి డప్పు కాచేవాడు. తోలు బిగిసిందో లేదో వేలితో తట్టి చూసేవాడు. చల్లబడితే మోత మెత్తబడుతుంది, మళ్లీ మంట దగ్గరికి. కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో చిటికెన పుల్ల. లావు పుల్ల దెబ్బ నడక పట్టుకుంటే సన్న పుల్ల ఆ సందుల్లో పరుగెత్తుతుంది. దరువు మారేటప్పుడు మా నాన్న ఎవరికీ సైగ చేసేవాడు కాదు. పక్కనున్న నలుగురూ చెవితోనే పట్టుకునేవాళ్లు. పైన సంగీతం టీచరమ్మ చెప్పిన ఒకటికి రెండు, రెండుకు నాలుగు మా నాన్న చేతిలో ఉంది. కాగితం మీద ఒకసారి కూడా రాసుకోలేదు. అది విద్య అని ఊళ్లో ఎవరూ అనలేదు. అరుగు కింద కూర్చోబెట్టి గింజలు కొలిచి ఇచ్చారు.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు బడిలో జిల్లా పోటీలకు జానపద కళ కావాలన్నారు. ఒక సారు నేరుగా నా దగ్గరికి వచ్చి "నువ్వు డప్పు కొడతావు కదరా" అన్నాడు. నేను ఎప్పుడూ కొట్టలేదు. మా నాన్న నా చేతికి డప్పు ఇవ్వలేదు, పుస్తకమే ఇచ్చాడు. ఆ సారుకు నా చదువు తెలియదు, నా కులం తెలుసు. క్లాసు మొత్తం నా వైపు తిరిగి చూసింది. వయొలిన్, వీణ అన్నప్పుడు ఇలా ఎవరి ఇంటివైపూ తిరగరు.

అమ్మా, మీరు డప్పులు కొంటామన్నారు. కొనండి, నాకు సంతోషమే. తెలంగాణ ఉద్యమంలో ధూం ధాం వేదికల మీద ఇదే డప్పు అందరి చేతుల్లోకీ వచ్చింది. ఇదే ఉమ్మడి నల్లగొండ జిల్లాలో సుద్దాల హనుమంతు సాయుధ పోరాట కాలంలో గొల్ల సుద్దుల బాణీని, బుర్రకథను జనంలోకి తీసుకెళ్లారు. మనకు ఈ చరిత్ర ఉంది. కానీ తీర్మానంలో ఈ మాటలు రాయించండి. డప్పు నేర్చుకునేది క్లాసులో ఉన్న పిల్లలంతా. దొర మనవడి చేతిలోనూ సిర్ర ఉండాలి, మా పిల్లల చేతిలోనూ ఉండాలి. హార్మోనియం దగ్గర కొందరు, డప్పు దగ్గర కొందరు అని విడగొడితే మాత్రం ఆ క్లాసు వద్దు. నేర్పడానికి వచ్చే మనిషిని సార్ అని పిలవాలి, స్టాఫ్ రూములో కుర్చీ వేయాలి, నెల జీతం నెలకు ఇవ్వాలి. శాలువా కప్పి ఫొటో తీసి పంపకూడదు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024లో ఆయన కూలి పనికి వెళ్తున్నారని పేపర్లలో, టీవీల్లో వచ్చింది. అందరం చూశాం.

లెక్కల సార్ గారి మాట కూడా నేను కొట్టిపారేయను. మా నాన్న నాకు పుస్తకమే ఎందుకిచ్చాడో నాకు తెలుసు. మా వాడ పిల్లలను "మీకు కళ బాగా వస్తుంది" అని పాటల దగ్గర ఆపేసి, లెక్కల దగ్గర మిగతావాళ్లను కూర్చోబెట్టే రోజు వస్తే సార్ కంటే ముందు నేనే వచ్చి ఆ డప్పులు బీరువాలో పెట్టిస్తాను.

గురుకులం తల్లి (వనపర్తి):

మా అమ్మాయి గురుకులంలో ఉంది. అక్కడ మ్యూజిక్ టీచర్ ఉన్నారు. 2023 గురుకులాల నోటిఫికేషన్‌లోనూ మ్యూజిక్ టీచర్ పోస్టులు వేశారు. నవోదయల్లో, కేంద్రీయ విద్యాలయాల్లో కూడా ఉన్నారు. ఆ బడుల్లో పిల్లలకు మార్కులు తక్కువ వస్తున్నాయా? లేదే. జడ్పీ హైస్కూలు పిల్లలకు మాత్రమే సంగీతం అంటే చదువు చెడుతుందనే భయం ఎందుకు? మా అమ్మాయి ఇంటి మీద బెంగతో మొదటి ఏడాది వారం వారం ఏడ్చేది. పాటల బృందంలో చేరాక శనివారం ఫోన్ చేస్తే ఏం నేర్చుకుందో పాడి వినిపిస్తుంది. నాకు అదే చాలు.

ఉర్దూ టీచర్ (మహబూబ్‌నగర్):

ఒక జాగ్రత్త చెప్తాను. మా బడిలో ముస్లిం పిల్లలు, క్రైస్తవ పిల్లలు చాలామంది ఉన్నారు. సంగీతం పేరుతో ఏడాదంతా భక్తి పాటలే నేర్పితే కొందరు తల్లిదండ్రులు పంపరు. అది వాళ్ల తప్పు కాదు. పాటకే ఒప్పుకోని ఇళ్లు కూడా కొన్ని ఉంటాయి. వాళ్ల పిల్లలకు తాళం, చప్పట్లు, వాద్యాల తయారీ లాంటి పని ఇవ్వొచ్చు. బలవంతం వద్దు. పాలమూరులో పీర్ల పండుగకు అలావా (నిప్పుల గుండం) చుట్టూ హిందువులు, ముస్లింలు కలిసి ఆడి పాడతారు. నాట్ల పాటలున్నాయి, బతుకమ్మ పాటలున్నాయి, వలస పాటలున్నాయి, ఉర్దూలో పిల్లల గేయాలున్నాయి. ఎంచుకునే మనిషికి మనసుంటే కొదవ లేదు.

ఇంటర్ విద్యార్థిని (నాగర్‌కర్నూల్):

నమస్తే. మొన్నటిదాకా నేను జడ్పీ హైస్కూల్లోనే చదివాను. ఎనిమిదో తరగతి సాంఘికశాస్త్రంలో కళలు, కళాకారుల మీద పాఠం ఉంది. బుర్రకథ గురించి జవాబు గైడులో చూసి బట్టీ పట్టాను. పరీక్షలో మార్కులు కూడా వచ్చాయి. బుర్రకథ మాత్రం ఇంతవరకు వినలేదు. మొగులయ్య గారి అవుసలికుంట మా జిల్లాలోనే ఉంది. కిన్నెర ఎలా మోగుతుందో ఫోన్‌లో విన్నాను.

పదో తరగతిలో పొద్దున స్టడీ అవర్, సాయంత్రం స్టడీ అవర్, రోజూ స్లిప్ టెస్ట్. జనవరి తర్వాత తలనొప్పి లేని రోజు లేదు. టెన్షన్‌తో అన్నం తినేదాన్ని కాదు. లెక్కల సార్ మాకోసమే కష్టపడ్డారు, నాకు తెలుసు. మధ్యలో ఒక్క పీరియడ్ అయినా గట్టిగా నోరు తెరిచి పాడే వీలుంటే బాగుండేదని అప్పుడు రోజూ అనిపించేది. ప్రేయర్‌లో రాష్ట్ర గీతం కూడా స్పీకర్‌లో పెట్టేవాళ్లు, మేము పెదవులు కదిపేవాళ్లం.

సంగీతం టీచర్ (నల్లగొండ):

దేవరకొండ అక్కా, మీ మీటింగుకు పనికొచ్చేలా లెక్క వేసి ఇస్తున్నాను. తబలా ఇప్పుడు వద్దు. ఒకరు వాయిస్తుంటే ముప్పై తొమ్మిది మంది చూస్తూ కూర్చోవాలి. శ్రుతి బాక్స్ కూడా కొనకండి, ఫోన్‌లో తంబూరా యాప్ పెట్టి చిన్న స్పీకరుకు తగిలిస్తే చాలు. ఒక మంచి హార్మోనియం, పది డప్పులు, కొన్ని చెక్క చిడతలు కలిపి 40 వేలలో సర్దుకోవచ్చు. డప్పుల్లో సగం ఫైబర్‌వి తీసుకోండి. వానాకాలంలో కాచే పని ఉండదు. మిగతా సగం తోలువే ఉండాలి, అసలు నాదం పిల్లల చెవిన పడాలి.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు వారానికి రెండేసి అంటే మొత్తం ఆరు పీరియడ్లు. టీచరు వారానికి రెండు రోజులు వస్తే సరిపోతుంది. నెలకు 5 వేల చొప్పున ఏడాదికి పది నెలలు, రెండేళ్లకు లక్ష. మిగిలిన 10 వేలు రిపేర్లకు ఉంచండి. వేసవి సెలవుల్లో హార్మోనియం బడిలో వదలకండి, తిత్తిని ఎలుకలు కొరికేస్తాయి. ఒక అమ్మ ఇంట్లో పెట్టుకుని అప్పుడప్పుడు తెరిచి గాలి ఆడించాలి. చాలా బళ్లలో హార్మోనియం చచ్చేది వాడక, వాడి కాదు.

సూర్యాపేట తమ్ముడు చెప్పిన షరతులన్నీ నాకు సమ్మతమే. స్వరానికి ఒకరు, డప్పుకు ఒకరు ఇద్దరు టీచర్లుంటే ఇంకా మేలు. చెరో రోజు వస్తారు, డబ్బు చెరిసగం. స్టాఫ్ రూములో కుర్చీ ఇద్దరికీ ఒకే వరసలో వేయాలి.

లెక్కల సార్ (మిర్యాలగూడ):

సూర్యాపేట అబ్బాయి రాసింది రెండుసార్లు చదివాను. పదో తరగతికి స్పెషల్ క్లాసులు కావాలన్న నా మాట మారలేదు. కానీ మీరు అడుగుతున్నది ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు కాబట్టి నా షరతులు చెప్తాను.

లెక్కలు, తెలుగు, ఇంగ్లిషు పీరియడ్లలో ఒక్కటి కూడా తగ్గకూడదు. టైమ్‌టేబుల్‌లో ఇప్పటికే కళావిద్య, విలువల విద్య అని కాగితం మీద ఉన్న పీరియడ్లు ఉంటాయి. వాస్తవంలో అవి మాలాంటివాళ్లు సిలబస్ కోసం వాడుకుంటున్నాం. వాటినే సంగీతానికి ఇవ్వండి, నేను అడ్డు చెప్పను. మధ్యాహ్నం భోజనం తర్వాతి పీరియడ్ ఇస్తే నాకే మేలు, ఆ గంటలో నా క్లాసులో సగం మంది కునికిపాట్లు పడతారు. రెండోది, ఎనిమిదో తరగతిలో చదవడం రాని పిల్లలను సంగీతం వంకతో రెమెడియల్ క్లాసు నుంచి వదలకూడదు. మూడోది, రెండేళ్ల తర్వాత జీతం ఎవరిస్తారో ఇప్పుడే తేల్చండి. మొదలుపెట్టి ఆపేస్తే పిల్లలకు అసలు మొదలుపెట్టకపోవడం కంటే ఎక్కువ బాధ.

మార్కుల కోసం కాదు, పాట కోసమే పాట అన్న నారాయణపేట తమ్ముడి మాట మాత్రం మీ ఊరి తల్లిదండ్రులు ఒప్పుకోవడం కష్టం. నేనే పూర్తిగా ఒప్పుకోలేదు.

బడి కమిటీ అమ్మ (దేవరకొండ):

అందరికీ దండాలు. ఇక్కడ రాసినవన్నీ ప్రింటు తీయించి హెచ్ఎం మేడం గారికి చూపించాను. కళావిద్య పీరియడ్లు వారానికి ఎన్ని ఉన్నాయో టైమ్‌టేబుల్ తీసి చూశాం. సార్ అన్నట్టే కాగితం మీద ఉన్నాయి. వాటిని వెనక్కి తీసుకుంటే లెక్కల పీరియడ్ ఒక్కటి కూడా పోదు. మేడం ఒప్పుకున్నారు, మిగతా టీచర్లతో మాట్లాడతానన్నారు.

డప్పు నేర్పడానికి మా ఊళ్లోనే ఒక పెద్దాయన ఉన్నాడు. వెళ్లి అడిగాను. మొదట నమ్మలేదు. "బళ్లోనా? పిల్లలందరికా?" అని రెండుసార్లు అడిగాడు. జీతం సంగతి చెప్పాక ఆలోచించుకుని చెప్తానన్నాడు. సూర్యాపేట తమ్ముడూ, నీ షరతులు తీర్మానంలో మొదటి వాక్యాలుగా రాస్తాం. మా కమిటీలో ఇద్దరికి అది ఇష్టం లేదని నాకు తెలుసు. మా పిల్లల చేతికి డప్పేమిటి అని అప్పుడే ఒకరు అన్నారు. మీటింగులో అదే మాట అంటే అందరి ముందే జవాబు చెప్తాను.

మూడో ఏడాది జీతమే తేలలేదు. పూర్వ విద్యార్థులను ఏటా కొంత ఇవ్వమని అడగాలా, పంచాయతీని అడగాలా, విద్యాహక్కు చట్టం ప్రకారం ఇన్‌స్ట్రక్టర్‌ను ఇవ్వమని డీఈఓ ఆఫీసుకు రాయాలా? మూడూ చేద్దామని మేడం అంటున్నారు. ఇలా దరఖాస్తు పెట్టి పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్‌ను తెచ్చుకున్న బడి నల్లగొండలో గానీ, పాలమూరులో గానీ మీకు తెలిస్తే ఆ కాగితం ఎలా రాశారో ఇక్కడ పెట్టండి.